బాబుకు 101 జరం, వాళ్లమ్మకు ఆపరేషన్ అయింది, గోలీల సంగతి నాకు తెల్వదు. జర చెప్పున్రి

బుజ్జోడి అమ్మ
మంగళవారం, రాత్రి 9:41

అందరికి నమస్తే. లాగిన్ మా ఆమెది, రాసేది నేను, బుజ్జోడి నాన్నను. ఇన్నొద్దులు ఇక్కడ ఆమెనే చదివేది, ఆమెనే అడిగేది. మాది చందంపేట దిక్కు. ఆదివారం పగటీలి నుంచి ఆమెకు కడుపునొప్పి. గ్యాస్ అనుకున్నం. పొద్దుగూకే వరకు నిలవడలేక వంగిపోయింది. మా బామ్మర్ది కారు మాట్లాడి నల్లగొండ తీసుకపోయిండు. అపెండిక్స్ పగిలిందట, సోమవారం తెల్లారగట్ల ఆపరేషన్ చేసిన్రు. కడుపుకు ట్యూబు పెట్టిన్రు, ఎక్కువ మాట్లాడనిస్తలేరు.

బాబుకు ఆరేండ్లు. ఏఎల్ఎల్, అంటె రక్తం క్యాన్సర్. మెయింటెనెన్స్ల, అంటె మళ్ల రాకుండ ఇంటికాడ గోలీలు ఏసే కీమోల, ఎనిమిదో నెల నడుస్తున్నది, హైదరాబాద్‌ల చూపిస్తున్నం. నేను లారీ తోలుతా. దవాఖానకు తిప్పింది, ఫైల్ మోసింది అంత ఆమెనే. ఇప్పుడు ఇంట్ల నేను, మా అమ్మ, బాబు. ఇయ్యాల సాయంత్రం నుంచి వాని ఒళ్లు కాలుతున్నది. థర్మామీటర్ల 101.1 చూపిస్తున్నది. ఆడుకుంటనే ఉన్నడు, అన్నం మాత్రం ముట్టలే. డోలో సిరప్ ఉన్నది. ఇచ్చి పొద్దున పోతే నడుస్తదా? ఆమెకు ఫోన్ చేసి బుగులు పెట్టుడు ఇష్టం లేదు నాకు.

హాలియా రైతు
రాత్రి 9:48

అన్నా గాబరా పడకు. జరాలు ఊరూర మస్తు నడుస్తున్నయి, మా వాడకట్టుల ఇంటికొకరు పడ్డరు. డోలో ఏసి తడిబట్ట పెట్టు. తెల్లారి చూద్దువు.

పాలమూరు అమ్మ
రాత్రి 9:50

హాలియా తమ్ముడూ, నువ్వు మంచికే చెప్పినవు గానీ ఈ పిల్లల లెక్క వేరే. అన్నా, డోలో ఇయ్యకు. కాక దిగుతది, లోపలిది దిగదు. దవాఖానల చూసేటోళ్లు జరం లేదనుకుంటరు. మా పాపకు రాత్రి పదకొండింటికి 100.8 ఉండె. జడ్చర్లల ఉండి, రోడ్డు మీదనే ఉండి, గంటన్నర ప్రయాణం పెట్టుకొని, పొద్దున పోదాంలే అనుకున్నం. నాలుగ్గొట్టేసరికి చేతులు, కాళ్లు ఐసుగడ్డ లెక్కయినయి. మూడు రోజులు ఐసీయూల ఉన్నది. ఇప్పుడు బడికి పోతున్నది, ఆ బుగులు మాత్రం నాకింక పోలే. ఇప్పుడే లే. బట్టలు మూట గట్టు.

వార్డు సిస్టర్
రాత్రి 9:55

నేను పిల్లల క్యాన్సర్ వార్డులో పనిచేసి వచ్చాను, ఇప్పుడు సూర్యాపేటలో ఉంటున్నా. పాలమూరు అక్క చెప్పిందే నిజం. కీమో నడిచే పిల్లలకు ఒక్కసారి 101 చూపించినా, గంటసేపు 100.4 దగ్గర నిలబడినా ఎమర్జెన్సీ కిందే లెక్క. రిపోర్టులో ఏఎన్‌సీ అని ఉంటుంది చూడండి, సూక్ష్మక్రిములతో కొట్లాడే తెల్లకణాలు ఎన్నున్నాయో చెప్పే అంకె అది. అది 500 కిందికి పడి జ్వరం వస్తే, ఆసుపత్రి గడప తొక్కిన గంటలోపు యాంటీబయాటిక్ రక్తంలోకి పోవాలి. చీము పట్టాలన్నా తెల్లకణాలే కావాలి కదా. అవే లేనప్పుడు చీమూ కనబడదు, వాపూ కనబడదు. ఒక్క జ్వరమే కనబడుతుంది. ఆడుకుంటున్నాడని ధైర్యపడొద్దు.

థర్మామీటర్ చంకలోనే పెట్టండి, మలద్వారంలో పెట్టొద్దు. బ్రూఫెన్, కాంబిఫ్లామ్ లాంటివి అసలే వద్దు. వార్డు ఫోన్ నంబర్ ఫైల్ అట్ట లోపలివైపు రాసి ఉంటుంది చూడండి.

ఇంకో మాట. ఆదివారం నుంచి గోలీలు ఎవరు ఇస్తున్నారు? ఏవి, ఎన్ని?

బుజ్జోడి అమ్మ
రాత్రి 10:02

నేనే ఇస్తున్న. ఆమె కారు ఎక్కుకుంటనే చెప్పింది, రాత్రికి ఆరు గోలీలు, ముప్పావు గోలి, మర్చిపోకు అని. బూస్టు డబ్బల రెండు తీర్లయి ఉన్నయి, రెండూ పసుపు రంగే. చిన్నయి ఆరు, పెద్దదాంట్ల ముప్పావు ముక్క. ఆదివారం ఇచ్చిన, నిన్న ఇచ్చిన. ఇయ్యాలటివి గిన్నెల తీసిపెట్టిన, ఇంక ఇయ్యలే.

వార్డు సిస్టర్
రాత్రి 10:03

ఆ గిన్నె పక్కన పెట్టండి. ఇవ్వొద్దు. చిన్న గోలీల అట్ట మీద పేరేముంది? ఒక్కో అక్షరం చూసి రాయండి.

బుజ్జోడి అమ్మ
రాత్రి 10:05

మెథోట్రెక్సేట్. 2.5 అని ఉన్నది. పెద్దదాని మీద మెర్కాప్టోప్యూరిన్ 50.

వార్డు సిస్టర్
రాత్రి 10:09

అన్నా, ముందు కూర్చోండి. ముప్పావు గోలి రోజూ రాత్రి ఇచ్చేది, దాన్ని 6-ఎంపీ అంటారు. ఆరు గోలీలు మాత్రం వారానికి ఒక్కసారే. మీ ఇంట్లో అది ఆదివారం మందు అయ్యుంటుంది. ఆమె చెప్పింది ఆ ఒక్క రాత్రి సంగతి. మీరు రోజూ అనుకున్నారు. వారం మందు వరస రోజుల్లో పడితే కణాలు పడిపోతాయి, నోరు పుండ్లు పడుతుంది, కిడ్నీ, లివర్ మీద భారం పడుతుంది. దీనికి విరుగుడు ఉంది. రెండు రాత్రులకే తెలిసింది, మూడోది పడలేదు. ఈ రాత్రికి 6-ఎంపీ కూడా ఆపండి, డాక్టర్ చెప్పేదాకా.

ఇప్పుడు వార్డుకు ఫోన్ చేసి కథంతా చెప్పకండి. మొదటి మాటలోనే అన్నీ పడాలి: ఏఎల్ఎల్ బాబు, మెయింటెనెన్స్, బరువు ఇంత, జ్వరం 101.1, మెథోట్రెక్సేట్ 15 మిల్లీగ్రాములు ఆది, సోమ రెండు రాత్రులు పడింది. అంతే. వాళ్లే మిగతాది అడుగుతారు.

బుజ్జోడి అమ్మ
రాత్రి 10:11

చేతులు వణుకుతున్నయి. నేనే సంపుకుంటినా వాన్ని?

పాలమూరు అమ్మ
రాత్రి 10:12

అన్నా, ఆ ఏడుపు తర్వాత ఏడువు, నేను గూడ ఏడుస్త నీతోటి. ఇప్పుడు ఫోన్ చెయ్. ఒక చేత్తోని 108కు, ఇంకో చేత్తోని వార్డుకు. అమ్మను లేపు.

కల్వకుర్తి బాబాయి
రాత్రి 10:14

విరుగుడు అంటున్నరు గదా, అది ఫోలిక్ యాసిడే. గర్భిణీలకు అంగన్‌వాడీల ఇస్తరు, ఆశా వర్కర్ దగ్గర ఉంటది. రెండు గోలీలు ఇప్పుడే ఏయండి.

వార్డు సిస్టర్
రాత్రి 10:16

బాబాయ్, పేరు దగ్గరగా ఉంది గానీ మందు అది కాదు. విరుగుడు ఫోలినిక్ యాసిడ్, ల్యూకోవోరిన్ అంటారు. మామూలు ఫోలిక్ యాసిడ్ ఒంట్లో పనికొచ్చే రూపానికి మారాలంటే ఒక ఎంజైమ్ కావాలి. మెథోట్రెక్సేట్ కట్టేసేది సరిగ్గా దాన్నే. ఇది ఇంట్లో ఇచ్చేది కాదు, ఎంత, ఎన్ని గంటలకు అన్నది వాళ్లే చూసి ఇస్తారు. దయచేసి ఎవరూ గోలీల సలహాలు రాయకండి ఇక్కడ.

నిర్వాహకుడు
రాత్రి 10:20

సిస్టర్ మాటే నా మాట. మందుల పేర్లతో వచ్చే పోస్టులు ఈ రాత్రికి ఆపుతున్నా. ఫోన్‌పే నంబర్లు కూడా ఇక్కడ పెట్టొద్దు, సాయం చేయాలనుకునేవాళ్లు నాకు విడిగా రాయండి. కల్వకుర్తి బాబాయి మీద ఎవరూ పడొద్దు, ఆయన మనవడికి కూడా వైద్యం నడుస్తోంది.

బుజ్జోడి అమ్మ
రాత్రి 10:31

వార్డుల డాక్టరమ్మ ఎత్తింది. నేరుగ హైదరాబాద్ రావొద్దట. ముందు దేవరకొండ సర్కార్ దవాఖానకు పోయి మొదటి యాంటీబయాటిక్ సూది ఏయించుకొని, అప్పుడు బయల్దేరాల్నట. అక్కడ డ్యూటీ డాక్టర్‌తోని తానే మాట్లాడతనన్నది. 108 వస్తున్నది.

హాలియా రైతు
రాత్రి 10:34

నేను రాసింది తుడిపేస్తున్న. మాఫ్ చెయ్యి అన్నా. నాకు తెల్వక.

పాలమూరు అమ్మ
రాత్రి 10:36

తుడపకు తమ్ముడూ. రేపు ఇంకొకరు గిదే అడుగుతరు. డోలో మాట, దాని కింద జవాబు, రెండూ ఉండనీయి.

అన్నా, ఆ గోలీల డబ్బ డబ్బలెక్కనే తీసుకపో. గిన్నెల తీసినవి గూడ కాయిదంల కట్టు, లెక్క పెడ్తరు. ఫైల్, పోయిన నెల రక్తం రిపోర్టు, ఛార్జర్, వానికి టోపి, పల్చటి దుప్పటి.

బుజ్జోడి అమ్మ
బుధవారం, పొద్దున 6:20

రాత్రి 11:35కు దేవరకొండల సూది పడ్డది. అంతకంటె ముందు కల్చర్ అని, క్రిములున్నయేమో పెంచి చూస్తందుకు, రక్తం తీసిన్రు. ఆ డాక్టర్ చిన్నోడే, మా డాక్టరమ్మతోని ఫోన్ల మాట్లాడుకుంటనే చేసిండు, ఆయన కాళ్లకు మొక్కాలె. మల్లేపల్లి, మాల్, ఇబ్రహీంపట్నం మీదుగ వచ్చినం. ఈ రోడ్డు మీద ఎన్నిసార్లు లారీ తోలిన్నో లెక్క లేదు, వెనక కూసొని పోవుడు ఇదే మొదటిసారి. ఏ మూల మలుపు, ఏడ బ్రేకరు అన్ని ఎరికే. ప్రతి బ్రేకరుకు నా పానం పోయింది.

2:40కి చేరినం. ఏఎన్‌సీ 310. ప్లేట్‌లెట్లు 52 వేలు. కిడ్నీ మంచిగనే ఉన్నదట. విరుగుడు సూది ఆరు గంటలకోసారి ఏస్తున్నరు. జరం ఇంక దిగలే. డాక్టరమ్మను అడిగిన, నా వల్లనేనా అని. రెండు రోజుల్నే కౌంట్ ఇంతగనం పడదు, ముందు నుంచే దిగుతున్నట్టున్నది, గోలీల దెబ్బ ఇంకా ముందుకు కనబడొచ్చు అన్నది. తిట్టలే. తిడితే బాగుండు.

ఇంకో తిప్పలొచ్చింది. రేషన్ కార్డు అసలుది నల్లగొండల మా ఆమె దగ్గరనే ఉన్నది. ఒక్క కార్డు మీద ఇద్దరికి ఆరోగ్యశ్రీ నడుస్తదా?

అచ్చంపేట సారు
బుధవారం, పొద్దున 6:44

నడుస్తుంది. పరిమితి కుటుంబానికి, మనిషికి కాదు. 2023 డిసెంబర్ నుంచి తెలంగాణలో అది ఏడాదికి 10 లక్షలు, అంతకు ముందు 5 లక్షలుండె. కార్డు ఫొటో తెప్పించుకొని ఆరోగ్యమిత్ర డెస్కు దగ్గర చూపించండి. నంబర్ కొడితే వాళ్లకు కంప్యూటర్‌లో మీ పేర్లన్నీ కనిపిస్తాయి. అసలుది తర్వాత తెచ్చిస్తమని చెప్పండి, నాకట్లనే అయింది.

నా సంగతి ఇక్కడ ఎన్నడూ రాయలేదు. మా పాపకు కీమో నడుస్తుండగా నాకే గుండెపోటు వచ్చింది. స్టెంట్ వేశారు. నేను ఐసీయూలో, పాప ఇంకో ఆసుపత్రిలో, మధ్యలో మా ఆమె. నేను దస్తావేజులన్నీ పద్ధతిగా పెట్టే మనిషిని, బడిలో రిజిస్టర్లు రాసినట్టు. ముఖ్యమంత్రి సహాయనిధి దరఖాస్తు ఎక్కడుంది, లంబర్ పంక్చర్, అదే వెన్ను సూది, తారీఖు ఎప్పుడు, అన్నీ నా బీరువాలో. తాళం నా ప్యాంటు జేబులో. ఆ ప్యాంటు కత్తిరించి ఎక్కడ పడేశారో ఐసీయూ వాళ్లకే తెలియదు. చివరికి బీరువా పగలగొట్టారు.

మీ ఇంట్లో మీకు తెల్వదు, మా ఇంట్లో మా ఆమెకు తెల్వదు. అంతే తేడా.

ఇబ్రహీంపట్నం ఆటో
బుధవారం, పొద్దున 7:05

అన్నా, రాత్రి ఈ పోస్టులు చూడలే, నిద్రపోయిన. తొమ్మిదింటి వరకు ఇడ్లీ తీసుకొని వస్త. బాబుకు కాదు, మీకు, పెద్దమ్మకు. బయటి తిండి వానికి పెట్టొద్దని నాకెరికె.

బుజ్జోడి అమ్మ
గురువారం, రాత్రి 8:15

జరం 99కి వచ్చింది. ఇడ్లీ తమ్ముడు నిన్న, ఇయ్యాల రెండు పూటలు వచ్చిండు, పైసలు తీసుకోలే. మా అమ్మను ఎంజీబీఎస్‌ల బస్సెక్కిచ్చిండు, నల్లగొండ పోయి కోడలి దగ్గర ఉంటది. ఆధార్ చూపిచ్చి జీరో టికెట్ తీసుకున్నది. జిందగీల హైదరాబాద్‌ నుంచి ఒక్కతే బస్సుల పోవుడు మా అమ్మకు ఇదే మొదలు.

ఒక మాట అడగాలె. మా ఆమెకు ఇంక గోలీల సంగతి చెప్పలే. జరం వచ్చింది, చేరిపిచ్చినం అని మాత్రం బామ్మర్దితోని చెప్పిచ్చిన. ఆమె ఇయ్యాల ఫోన్ల అడిగింది, విరుగుడు సూది ఎందుకు ఏస్తున్నరు అని. ఆమెకు అన్ని ఎరికే గదా. వాడే చెప్పిండట వీడియో కాల్‌ల, అమ్మా కొత్త సూది, పసుపు రంగుది అని. సిగ్నల్ లేదని పెట్టేసిన. చెప్పాల్నా?

మిర్యాలగూడ మేనత్త
గురువారం, రాత్రి 8:32

ఇప్పుడు చెప్పకయ్యా. పచ్చి కుట్లు. ట్యూబు పెట్టుకొని పడుకున్న మనిషి ఇది వింటే లేచి బస్సెక్కుతుంది. డిశ్చార్జి అయ్యాక, అన్నం తినేటప్పుడు కాకుండా, నెమ్మదిగా చెప్పు. నేను మా అన్న కొడుకు విషయంలో ముందే నోరు జారి మా వదిన చేత మాటలు పడ్డాను.

పాలమూరు అమ్మ
గురువారం, రాత్రి 8:40

వదినా, నేను ఒప్పుకోను. ఆమెకు ఇప్పటికే అనుమానం పడ్డది. అనుమానంతోని పండుకున్నామెకు నిద్ర ఏడ వస్తది? ఆమె మన లెక్క కాదు, విరుగుడు సూది ఎందుకో తెలిసినామె. అన్నా, నువ్వు చెప్పకుంటె ఆమె ఇంకా పెద్దదే ఊహించుకుంటది. రేపే చెప్పు. నీ నోటితోని చెప్పు, బామ్మర్దితోని కాదు.

అచ్చంపేట సారు
గురువారం, రాత్రి 8:51

మేనత్త గారి మాట కొట్టిపారేయలేను. మా ఆమె నా దగ్గర పాప ప్లేట్‌లెట్లు 8 వేలన్న సంగతి నాలుగు రోజులు దాచింది. మంచిదే చేసిందని ఇప్పటికీ అనుకుంటా. కానీ నేను అడగలేదు. మీ ఆమె అడిగింది. అడిగిన మనిషికి సిగ్నల్ లేదని చెప్పడం ఎన్ని రోజులు?

బుజ్జోడి అమ్మ
శనివారం, మధ్యాహ్నం 2:10

నోట్ల పుండ్లు పడ్డయి. సిస్టర్ చెప్పినట్టే. నాలుక పక్కకు, పెదవి లోపల తెల్లగ. మింగలేక ఉమ్మి గిన్నెల ఊసుకుంటున్నడు. మాట్లాడకుండ చేతితోనే చెప్తడు. ఉప్పు, సోడా ఉప్పు నీళ్లతోని పుక్కిలిస్తున్నం. నర్సమ్మ చెంచ ఫ్రిజ్‌ల పెట్టి, ఆ సల్లటి చెంచతోని పెరుగు పెట్టుమన్నది. అట్లయితే రెండు చెంచలు పోతున్నది. ఏఎన్‌సీ 180కి దిగి, ఇయ్యాల 240 అయింది. కల్చర్ల ఏం పెరగలేదట.

నిన్న రాత్రి ఆమెకు చెప్పిన. చాలసేపు ఏం మాట్లాడలే. నేను హలో, హలో అంటున్న. తర్వాత అన్నది: డబ్బల ఎన్ని గోలీలు మిగిలినయి? పదెనిమిది అన్న. మళ్ల లెక్కపెట్టు అన్నది. లెక్కపెట్టిన, పదెనిమిదే. ముప్పై ఉండె, రెండు ఆర్లు పోతే సరిపోయింది అన్నది. అప్పుడు ఏడ్చింది. కుట్లు నొస్తయి ఏడవకు అన్న. నువ్వు ఫోన్ పెట్టు అన్నది.

వార్డు సిస్టర్
శనివారం, మధ్యాహ్నం 2:35

180 నుంచి 240 అంటే మలుపు తిరిగింది. పుండ్లు కౌంట్ వెంటే మానుతాయి, ఇంకో నాలుగైదు రోజులు ఓపిక పట్టండి. మింగేటప్పుడు మరీ నొప్పిగా ఉంటే భరించమని ఊరుకోకండి, నొప్పి మందు అడగండి. అడిగితేనే వేస్తారు చాలాచోట్ల.

హాలియా రైతు
శనివారం, సాయంత్రం 5:02

అన్నా, మా బత్తాయి తోటల చెట్టు మీదవి దించి పంపుదాం అనుకున్న. పుండ్లకు పులుపు మంటెత్తుతది గదా, ఆగిన. మానినంక చెప్పు, బస్తా పంపుత.

బుజ్జోడి అమ్మ
తర్వాతి గురువారం, సాయంత్రం 6:48

ఇది నేనే. బుజ్జోని అమ్మను.

సోమవారం ట్యూబు తీసిన్రు, నిన్న ఇంటికొచ్చిన. బాబు, వాళ్ల నాన్న ఇయ్యాల పొద్దున వచ్చిన్రు. ఏఎన్‌సీ 1,100. గోలీలు ఇంకా మొదలు పెట్టొద్దన్నరు, వచ్చే బుధవారం పోయినప్పుడు చెప్తరట. వాడు వచ్చుడుతోనే నా చీర పక్కకు జరిపి కుట్లు చూసిండు. నాకంటె చిన్న పట్టీనే అన్నడు.

మొత్తం చదివిన, మొదటి నుంచి. రెండుసార్లు. హాలియా తమ్ముడు, కల్వకుర్తి బాబాయి, మీరేం మనసుల పెట్టుకోకున్రి. ఆరు గోలీలు అన్నది నేను, ఆదివారం అననిది నేను.

వాళ్ల నాన్నను కూసోపెట్టి రాయించిన. చేతికి అందే ఎత్తుల తెలుగు క్యాలెండర్ కట్టినం. అన్ని గడిలల్ల ఒక్క ముక్క చంద్రుని బొమ్మ, ప్రతి ఆదివారం గడిల దాని పక్కన ఆరు చుక్కలు గూడ. ముప్పావు గోలికి చంద్రుడు అని వాడే అన్నడు. ఇచ్చినంక కొట్టేయాలె. చిన్న గోలీలు బూస్టు డబ్బల నుంచి తీసి, నా పసుపు కుంకుమల బరిణెల పెట్టిన. అది వారానికి ఒక్కసారే తెరుస్త. ఫొటో పెడుతున్న.

పాలమూరు అమ్మ
సాయంత్రం 7:03

వచ్చినవా తల్లీ. ఫొటో ఇంకోసారి దగ్గర నుంచి తియ్యి, చంద్రుడు మంచిగ కనబడ్తలేడు.